నడింటి పొలిమేర

జంగారెడ్డి పటేల్ ఒక్క ఇంట్లో ఉంటూ రెండు సర్కార్లను ఏలేవాడు. ఉత్తరపు వాకిలి దాటి లోపలికి వెళితే తూర్పు వైపు గదులు నిజాం నేరుగా ఏలే దివాణీ ఇలాకా, పడమటి వైపు గదులు సంస్థానం ఇలాకా. రాజ్యం ఒక్కటే, నిజామూ ఒక్కడే. కానీ ఆయన కింద ఉన్న సంస్థానం రాజుకు సొంత పోలీసులు, సొంత కచేరీ, సొంత జైలు ఉండేవి. దివాణీ పోలీసు అమీన్ సంస్థానం నేల మీద ఎవడి చెయ్యైనా పట్టుకోవాలంటే పై నుంచి ఇజాజత్, అంటే అనుమతి, రావాలి. అటువాళ్లకూ అంతే. ఆ ఇజాజత్ పాలమూరు నుంచి హైదరాబాదు పోయి, అక్కడి నుంచి సంస్థానం కోటకు చేరి తిరిగి వచ్చేసరికి ముద్దాయికి మనవలు పుట్టేవారు.

పటేల్ తండ్రి ఇది తెలిసే పొలిమేర మీద ఇల్లు కట్టాడు. అమీన్ గుర్రం కనబడితే పటేల్ పడమటి గదిలోకి పోయి మంచం మీద కాళ్లు చాపుకునేవాడు. సంస్థానం జవాన్లు వస్తే తూర్పు గదిలో కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఊరివాళ్లు ఇది చెప్పుకుని నవ్వేవారు. నవ్వక ఏం చేస్తారు, ఏడిస్తే వినే సర్కారు ఏదీ?

నాగులమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆమె పెనిమిటి మైసయ్యను చంపించింది ఈ పటేలే.

మైసయ్యది ఇప్పలపాడు మాలపల్లె. పొలిమేర రాళ్లను కనిపెట్టి ఉండటం ఆ ఇంటివాళ్లకు తాతల నాటి నుంచి వచ్చిన పని. ఊళ్ల మధ్య హద్దు తగాదా వస్తే ఆ ఇంటి మనిషే తడిబట్టలతో, నెత్తిన పొలిమేర మట్టి గంప పెట్టుకుని నడవాలి. ఆ మనిషి అడుగు పడ్డ చోటే హద్దు. ఊరి ఉత్తరాన ఈతవనంలో ఉన్న హద్దురాయిని కొంచెం తూర్పుకు జరపమన్నాడు పటేల్. చెట్లన్నీ సంస్థానం వైపు పోతే కల్లు గుత్త తన బావమరిదికి దక్కుతుంది. ఆ బావమరిది సంస్థానం కచేరీలో కాగితాలు నడిపించే పేష్కార్.

"రాయి జరిపితే నా వంశం మట్టిల గలుస్తది దొరా," అన్నాడు మైసయ్య.

మర్నాడు పొద్దున ఆ రాయి దగ్గరే పడి ఉన్నాడు. పటేల్ నిలబడి కొట్టిస్తుంటే గొర్రెలు మేపుకునే గుర్వయ్య తుమ్మచెట్ల చాటు నుంచి చూశాడు. పటేల్ మనుషులు వెళ్లిపోయాక పరుగున వచ్చి నాగులమ్మను పిలిచాడు. ఆమె వచ్చేసరికి మైసయ్యకు ఊపిరి ఉంది. గుర్వయ్య బండి కూడా తెచ్చాడు. కానీ అప్పటికే రెండు వైపుల నుంచి ఇద్దరు జవాన్లు వచ్చి నిలబడ్డారు. మైసయ్య తల దివాణీలో ఉంది, కాళ్లు సంస్థానంలో ఉన్నాయి.

"మనిషి పాణంతోని ఉన్నడు అయ్యా. దవాఖానకు తీస్కపోనియ్యుండ్రి," అని నాగులమ్మ ఇద్దరి కాళ్లూ మొక్కింది.

"ఏ దవాఖానకు? ముందు ఏ ఇలాకనో తేలనీ," అన్నాడు ఒకడు.

"మావోళ్లు రాకముందు ముట్టిండ్రంటే మీ మీదికే వస్తది," అన్నాడు రెండోవాడు.

ఎండ ఎక్కింది. మైసయ్య నీళ్లడిగాడు. నాగులమ్మ ముంత వంచబోతే జవాను కర్ర అడ్డం పెట్టాడు. ఏ ఇలాకానో తేలకముందే మైసయ్య పోయాడు. పై అధికారులు వచ్చి తలవైపువాళ్లు కాళ్లవైపువాళ్లకూ, కాళ్లవైపువాళ్లు తలవైపువాళ్లకూ ఫిర్యాదు రాసుకుని వెళ్లిపోయారు. గుర్వయ్య రెండు కచేరీలకూ వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాడు. రెండు చోట్లా పక్క కచేరీకి పొమ్మన్నారు.

దివాణీ అమీన్ చెడ్డవాడేమీ కాదు, గుర్వయ్య సాక్ష్యం మీద ఆఖరికి పటేల్ పేర వారంట్ తెప్పించాడు. "వారంట్ నా దగ్గర్నే ఉన్నది నాగులమ్మా. నా ఇలాకల దొరికిన దినమే బేడీలేస్త. పడమటి అర్రల కూసున్నోన్ని నేనేం జేద్దు?" అన్నాడు. ఆమె ఆ మాటను కొంగున ముడి వేసుకుంది. అప్పటి నుంచి పటేల్ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడల్లా ఆగి తూర్పు గదులు, పడమటి గదులు చూసేది. ఆమెకు ఆ ఇల్లు కాలిపోవాలని లేదు. ఆ పడమటి గది లేకుండా పోవాలి, అంతే.

పెద్ద యుద్ధం మొదలైన ఏడు రెండు సర్కార్లకూ పొత్తు కుదిరింది. మనిషి కోసం కాదు, ఈతచెట్ల కోసం. ఆ వనంలో కల్లు గీస్తున్న రెండు వైపుల గుత్తేదార్లూ కొడవళ్లు ఎత్తుకునేదాకా వెళ్లారు. కల్లు మీద వచ్చే ఆబ్కారీ సొమ్ము ఎవరిదో తేలక రెండు ఖజానాలూ ఎండాయి. మైసయ్య చచ్చిపోతుంటే ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, చెట్టు దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ములైపోయారు. దివాణీ తహసీల్దారూ సంస్థానం తహసీల్దారూ కలిసి వచ్చి, పాత పద్ధతిలోనే మట్టి మోయించి హద్దు తేల్చాలని నిర్ణయించారు. మట్టి మోసినవాళ్ల అడుగే రెండు సర్కార్లకూ శిలాశాసనం అని మాట ఇచ్చుకున్నారు.

మోసే ఇంట్లో మగదిక్కు లేదు. నాగులమ్మ ఉంది, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు బిక్షమ్మ ఉంది. ఆడది మట్టి మోయడమేమిటని పెద్దలు గొణిగితే, "మొయ్యనియ్యుండ్రి. ఆ ఇంటి హక్కు గదా," అని వెనకేసుకొచ్చింది ఎవరనుకున్నారు? జంగారెడ్డి పటేలే. మగవాడు మొండికేస్తాడు, ఆడది బెదురుతుంది అని ఆయన లెక్క.

ఆ సాయంత్రమే ఆమెను పిలిపించాడు. ఆయన అరుగు మీద, ఆమె వాకిలి అవతల దుమ్ములో.

"చూడే నాగులీ. అసలు హద్దు నా ఇంటి నడుమకెల్లి పోతదని అందరికి ఎరికే. అట్లని మాలదానివి నా దేవునర్రల నడుస్తవా? నడువవు గదా. వాకిలి దాక రా, నేను అడ్డుకుంట. తూర్పు దిక్కు చుట్టు తిరిగి పో. రెండెకరాల చెలక ఇప్పిస్త."

తూర్పు నుంచి తిరిగితే ఇల్లంతా సంస్థానంలో పడుతుంది. బావమరిది నీడన పడుతుంది. వారంట్ అమీన్ పెట్టెలోనే చెదలు పడుతుంది.

"నీ బాంచెన్ దొరా," అంది నాగులమ్మ.

బాంచెన్ అంటే సరే అనే అర్థమని దొరలు ఎప్పుడూ అనుకునేవారు. పటేల్ నిశ్చింతగా లోపలికి పోయాడు.

ఇంటికి వస్తే బిక్షమ్మ కోపంగా ఉంది.

"ఎందుకు పిలిసిండే? చెలక ఇస్తనన్నడా? బాపును జంపినోని చెలకల పండింది నేను ముట్ట."

"నేను మాత్రం ముడుత్తనా?"

"మరి రేపు నీ చేతిల ఉన్నది గదా. ఇంటికి పడమటికెల్లి పో. ఇల్లంత దివాణీల ఏసెయ్యి. అమీన్ గుంజకపోతడు."

"నాకు నేనై అడుగు తప్పిస్తే మట్టి ఊకోదు బిడ్డా." నాగులమ్మ కూతురి కడుపు మీద చెయ్యి వేసింది. "ఇగో, గీడ తగులుతది. మీ బాపు గా మాట మీదనే పాణమిడిసిండు. నేను అబద్దం నడువ."

"అయితే వాన్ని ఇడిసిపెడ్తవా?"

"ఇడుస్త అన్ననా?" అంది నాగులమ్మ.

పొద్దున ఈతవనం దగ్గర రెండు ఊళ్లూ చేరాయి. ఇద్దరు తహసీల్దార్లు రెండు కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. దివాణీ తహసీల్దారు వెనక అమీన్, జవాన్లు నిలబడ్డారు. నాగులమ్మ నెత్తిమీదుగా నీళ్లు పోసుకుని, తడిచీరతో హద్దురాయికి మొక్కింది. రాయి మొదట్లోంచి తవ్విన మట్టిని గంపలో పోసి, వేపమండ గుచ్చి ఆమె తల మీద పెట్టారు. ఊరి పెద్ద పోచయ్య డప్పు ఆపించి కట్టడి చెప్పాడు.

"మట్టి మోసెటామెను ముట్టొద్దు. తనకు తానై అడుగు తప్పితే పాపం ఆమెది. ఎవడన్న అడ్డం పడి తొవ్వ మలిపితే, గా మలుపు వాని నెత్తిమీద. ఆమెకు దోషం లేదు. మలిపినోడు మల్ల నోరెత్తొద్దు. ఇద్దరు దొరలు ఇన్నరా?"

తహసీల్దార్లు తలలూపారు. పటేల్ కూడా ఊపాడు. ఆ కట్టడి ఆయన చిన్నప్పటి నుంచీ విన్నదే, ఇలాంటి మాటలు తన కోసం కాదనుకునే అలవాటు ఆయనది.

నాగులమ్మ నడిచింది. వెనక ఒకడు సున్నం పోస్తూ వచ్చాడు. ఈతవనంలో ఆమె ఎటూ వంగలేదు. తాతలు నడిచిన వరుసనే నడిచింది. చెట్లు సగం అటు, సగం ఇటు పడ్డాయి. తహసీల్దార్లిద్దరూ ఒకరినొకరు చూసి సంతోషించారు. వాళ్ల పని అక్కడితో అయిపోయింది. ఆమె పని అప్పుడే మొదలైంది. చెలకలు దాటి, వాగు దాటి, తిన్నగా పటేల్ ఉత్తరపు వాకిలి ముందుకు వచ్చి గడప మీదికి కుడికాలు ఎత్తింది.

లోపల పటేల్ భార్య దేవుడి గది తలుపు ధడాలున మూసింది. ఇంతమంది ముందు ఆ కాలు నిజంగానే లేచేసరికి, నిన్నటి బేరం మాట ఎలా ఉన్నా, పటేల్ గబగబా గడపకు అడ్డం వచ్చాడు.

"ఆగు. గడప తొక్కకు. చుట్టు తిరిగి పో."

డప్పు ఆగింది. దివాణీ తహసీల్దారు ముందుకు వచ్చాడు. "సోచ్ లో పటేల్, మంచిగ ఆలోచించుకో. హద్దు ఇంట్లకెల్లే గదా. నువ్వే మలుపుతున్నవా?"

"నేనే మలుపుతున్న."

"ఏ దిక్కు?"

దివాణీ దొర మొహం మీద తూర్పు అని ఎలా అంటాడు? అంటే దివాణీ నేల మింగుతున్నట్టే. పైగా బేరం అయిపోయిందాయె. పటేల్ చిన్నగా నవ్వాడు. "దాని ఇష్టం. నా ఇల్లు తొక్కకుంటే సాలు."

"అందరు ఇన్నరా?" అన్నాడు పోచయ్య.

నాగులమ్మ ఎత్తిన కాలు కిందికి దించింది. పడమటికి తిరిగింది.

పటేల్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక పరుగెత్తి ఆమె ముందుకు వచ్చి చేతులు బార్లా చాపాడు. "అటు గాదే. తూర్పుకు. తూర్పుకు పో."

ఆమె ఆగలేదు. తడిచీర నుంచి నీళ్లు కారుతున్నాయి, నెత్తిన మట్టి, కళ్లు ఆయన మొహం మీద. ఆపాలంటే ఆమెను ముట్టుకోవాలి. ముట్టుకుంటే మైల, పైగా మట్టి శాపం. ఆమె అడుగు ముందుకు వేసిన కొద్దీ ఆయన అడుగు వెనక్కి వేశాడు. పడమటి గోడ పొడుగునా, పశువుల కొట్టం పక్క నుంచి, పెరటి దొడ్డి దాకా అలాగే పోయాడు. ముందు ఆయన వెనకడుగు, ఆ తరువాత ఆమె పాదం, ఆ వెనక సున్నం గీత. తన ఇంటి చుట్టూ కొత్త పొలిమేరను పటేలే ముందుండి తొక్కాడు. జనంలో ఎవరో నవ్వారు. నవ్వాల్సిన చోట నవ్వడం ఆ ఊరికి అదే మొదలు.

"మోసం. ఇది మోసం. అడగుండ్రి, సంస్థానం ఇల్లు పోతాంది," అని పటేల్ సంస్థానం తహసీల్దారు మీద పడ్డాడు.

ఆయన ఈతవనం వైపు చూశాడు. ఇంటి మీద ఆబ్కారీ రాదు. "నోటితోని నువ్వే మలిపినవు పటేలా. ఇద్దరం ఇన్నం. మాకేం ఉజ్రు లేదు," అని సంతకం పెట్టాడు. దివాణీ తహసీల్దారు పక్కనే పెట్టాడు. అమీన్ పెట్టె తెరిచాడు.

అమీన్ చేతిలో కాగితం చూడగానే పటేల్ ఎప్పటిలాగే లోపలికి పరుగెత్తి, పడమటి గదిలో మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు కూడా చాపుకున్నాడు పాపం. అలవాటు అంత పని చేస్తుంది. అమీన్ జోళ్లతోనే గడప దాటి, నడిల్లు దాటి, ఆ గదిలోకి వెళ్లాడు.

"గిది సంస్థానం," అన్నాడు పటేల్.

"పొద్దటి దాక," అన్నాడు అమీన్.

మోకులతో కట్టి ఈతవనానికి తీసుకువెళ్లారు. ఎక్కడ కొట్టారో, మైసయ్య ఎక్కడ పడ్డాడో గుర్వయ్య చూపిస్తుంటే ఇద్దరు మున్షీలు రాసుకున్నారు. అంతలో కొత్త చిక్కు వచ్చింది. ముద్దాయి దొరికింది దివాణీలో, మైసయ్య చచ్చింది రెండింటిలో. పాలమూరు జైలుకు బండి ఎవరు కట్టాలి? తహసీల్దార్లు చెట్ల నీడన ఆ సంగతి మాట్లాడుకుంటుంటే ఎండ ఎక్కింది. హద్దురాయి పక్కన, మైసయ్య పడి ఉన్న చోట, పటేల్ నెత్తిన తువ్వాలైనా లేకుండా కూర్చున్నాడు.

నాగులమ్మ ఎదురుగా కూర్చుంది. గంపలో మిగిలిన మట్టిని రాయి మొదట్లో పోసింది. చీర ఒంటి మీదే ఆరిపోయింది. బిక్షమ్మ తెచ్చిన నీళ్ల ముంత ఆమె ఒడిలో ఉంది.

పటేల్ చాలాసేపు ఆ ముంత వైపు చూడలేదు. తరువాత చూశాడు. మాల ఇంటి ముంతే కదా అని మళ్లీ తల తిప్పుకున్నాడు. పెదవులు పగిలాక ఇంక తిప్పుకోలేదు.

"నాగులమ్మా," అన్నాడు. ఆ పేరుకు అమ్మ చేర్చడం ఆయనకు అదే మొదటిసారి. "గొంతు ఎండుతాంది. జర నీళ్లు పొయ్యి."

ఆమె ముంత ఎత్తింది. నిండుగా ఉంది. ఆయన కట్టేసిన చేతులతోనే దోసిలి పట్టాడు.

"పోస్త దొరా," అంది నాగులమ్మ. "ముందు ఏ ఇలాకనో తేలనీ."

నీడలో తహసీల్దార్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆమె ముంత మూతి మీద కొంగు కప్పి ఒడిలో పెట్టుకుంది.