గంట ముందు

పిల్లల వార్డులో ఇరవై రెండేళ్లుగా నేను చెబుతూ వచ్చిన అబద్ధం ఒక్కటే. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే." సెలైన్ సూది పట్టుకున్న ప్రతి నర్సూ చెప్పేదే. ఆరేళ్ల పిల్ల ఒకతె నన్ను పట్టేసింది.

"ఏ చీమ?" అంది.

"ఏదో ఒక చీమలే. చెయ్యి చాపు."

"నల్ల చీమా, ఎర్ర చీమా? గండు చీమైతే నేను చాపను."

నాకు ఒళ్లు మండింది. నా నోరు అసలే మంచిది కాదు. వాళ్లమ్మా, ఆయా, నేనూ కలిసి అదిమి పట్టుకుంటే మూడో పోటుకి నరం దొరికింది. ఎక్కిళ్ల మధ్య ఆ పిల్ల నాకేసి చూసి, "మా అమ్మ బట్టలే కుడుతుంది. నువ్వు మనుషుల్ని కుడతావు," అంది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రోజు నుంచి దాన్ని చీమ అనే పిలిచాను.

చీమకి రక్తంలో క్యాన్సర్. మూడు వారాలకోసారి మందు ఎక్కించాలి, అంటే మూడు వారాలకోసారి ఆ కుస్తీ. చూడలేక స్టోర్సు వాళ్లతో పోట్లాడి, చర్మం మొద్దుబారే క్రీము తెప్పించాను. దానికి సూదీ గీదీ అక్కర్లేదు. చేతి మీద మందంగా పెట్టి, పైన ప్లాస్టిక్ అంటించి, గంట ఆగితే చాలు. ఆ గంట ఆగే ఓపిక మా డాక్టర్లకి ఎక్కడేడ్చింది? అందుకే ట్యూబు వాళ్లమ్మ చేతికే ఇచ్చాను.

"ఇంట్లోనే పెట్టు, గంట ముందు. ముప్పావుగంటకే తీసుకొచ్చావంటే నాకు తిక్క రేగుతుంది. ప్లాస్టిక్ మీద టైము రాయి. ఆ గంటా కూర్చోబెట్టు, కదలనివ్వకు. బస్సు కుదుపులకి ఊడిందంటే మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని బతుకుతున్న మనిషి. సంచిలోంచి కొలతల నోటుపుస్తకం తీసి, ఎవరిదో భుజం కొలత కింద నా మాటలు రాసుకుంది. తర్వాతి విడతకి క్రీముతో వచ్చారు. చీమ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇంకా కుట్టవేంటి?"

"కుట్టేసి వెళ్లిపోయిందే!"

కళ్లు తెరిచి చేతికున్న సూదినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఈ చీమ మంచిది," అంది. ఆ వారమంతా నేల మీద నిలవలేదు నేను. కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఇంకో రోజు ఇంకో మాటా చెప్పాను. జ్వరం వస్తే ఆగొద్దు, వెంటనే తీసుకురా, పిల్ల ఒంట్లో తట్టుకునే శక్తి లేదు అని. అదీ రాసుకుంది. ఆ రెండు మాటలూ ఒకే రోజు ఎదురుపడితే ఏది ముందో నేను చెప్పలేదు. నాకు తోచనే లేదు. అత్యవసరం వస్తే వాడటానికి మా సొరుగులో చల్లటి స్ప్రే ఉంది. కొట్టిన అర నిమిషంలో చర్మం మొద్దుబారుతుంది. అది ఉందని కూడా చెప్పలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం వాళ్లమ్మ చీమని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల మొహం పాలిపోయింది, పెదాలు నీలంగా ఉన్నాయి. కుడి చెయ్యి మాత్రం కదలకుండా ముందుకి చాపి ఉంచింది. దాని మీద ప్లాస్టిక్, అంచులు ఎక్కడా లేవకుండా, ముడత లేకుండా అంటించి ఉంది. పైన గుండ్రటి అంకెల్లో 11.20 అని రాసి ఉంది. గోడ గడియారంలో ఒంటిగంట కావస్తోంది.

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"పదకొండుంపావుకి చూశాను సిస్టర్, నూట మూడు. వెంటనే క్రీము పెట్టేశాను. చలికి వణికిపోతూ కూడా చెయ్యి కదపలేదు, బంగారుతల్లి. సరిగ్గా గంట ఆగి బయల్దేరాం. ఒక్క నిమిషం కూడా తక్కువ కాలేదు."

ప్లాస్టిక్ పీకి, క్రీము తుడిచి సూది పెట్టాను. దేవుడా, ఒక్క పోటుకే నరం దొరికింది. చీమ కళ్లు తెరవకుండానే, "కుట్టలేదు," అంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టాం.

డాక్టర్ నన్ను పక్కకి పిలిచాడు. "ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది? ఏం చేస్తున్నారు ఇంతసేపూ?"

"బస్సు దొరకలేదట సార్," అన్నాను. టైము రాసిన ప్లాస్టిక్ నా జేబులో ఉండలా నలుగుతోంది. ఆమెని కాపాడటానికే అలా అన్నానని అప్పుడు అనుకున్నాను. కాదు, నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను.

మందు పని చెయ్యడానికి పిల్లలో ఏమీ మిగల్లేదు. బుధవారం సాయంత్రం నాలుగింటికి చీమ పోయింది.

వాళ్లమ్మ గుండెలు బాదుకోలేదు. పిల్ల గౌను మడతపెట్టింది, చెప్పులు సంచిలో వేసుకుంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటూ గొంతు దాకా తెచ్చుకున్నాను. ఆమే ముందు అడిగింది.

"ఆఖరి సూది నొప్పి తెలియలేదు కదా సిస్టర్?"

"తెలియలేదమ్మా."

"అదొక్కటైనా సరిగ్గా చేశాను."

ఆమె సంచిలోంచి సగం వాడిన ట్యూబు తీసి నా చేతిలో పెట్టింది. మూత తుడిచి, కింద నుంచి పైకి నీటుగా చుట్టి ఉంది.

"ఇంకో పిల్లకి పనికొస్తుంది. గంట ఆగమని మాత్రం గట్టిగా చెప్పండి సిస్టర్. కంగారులో కొందరు ఆగరు."

"సరేనమ్మా," అన్నాను.