ఎన్నేళ్ళు నడవాలి

"ముందు ఒక్కటి చెప్పండి అంకుల్. ఎన్ని సాల్ నడవాలి ఇది?" అని సునీల్ అడిగేసరికి సింహాద్రి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది.

"మూడేళ్ళు నడిస్తే చాలు బాబూ," అన్నాడు.

పక్క స్టూలు మీద కూర్చున్న అపర్ణ తండ్రి వైపు చూసింది. ఇంటి దగ్గర అనుకున్న మాట అది కాదు. గేములు ఆడుకోవడానికి ఒక మంచి కంప్యూటరు, డెబ్బై వేలు దాటకుండా, ఎనిమిదేళ్ళో పదేళ్ళో పనికొచ్చేలా చేయించుకుందామని ఇద్దరూ కలిసి అనుకున్నారు. నెల రోజులు ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టి ఆమె రాసుకున్న జాబితా చేతిలోనే ఉంది. అయినా బయటివాడి ముందు తండ్రిని కాదనడం ఇష్టంలేక ఊరుకుంది.

సుపేలా బజారులో మెట్ల కింద ఇరికించినట్టున్న దుకాణం అది. మే నెల ఎండ. సునీల్ తన మీదికి తిరిగి ఉన్న ఫ్యానుని, అడక్కుండానే, వాళ్ళ వైపు తిప్పాడు. అతని తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చినవాడు. మనవడి తెలుగులో సగం హిందీ. కానీ ఫ్యాను తిప్పే మర్యాద ఏ భాషలో నేర్చుకున్నా ఒకటేనని సింహాద్రికి అనిపించింది.

సింహాద్రి రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరై తొమ్మిదేళ్ళయింది. సర్వీసంతా చాలావరకు గూడ్సు బళ్ళే. అపర్ణ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక లాప్‌టాప్‌లో ఆటలాడుతుంది. వాటిలో ఒకటి రైలు నడిపే ఆట. కిందటి చలికాలంలో ఒక ఆదివారం, నువ్వు నడుపు నాన్నా చూద్దాం అని ఆయన్ని కూర్చోబెట్టింది. ఎక్కడిదో మంచుదేశం, ఏటవాలు దారి, వెనక నలభై వ్యాగన్లు. మౌసు పట్టుకోవడమే సరిగా రాని మనిషి, బ్రేకు ఎక్కడ వేయాలో ఎక్కడ వదలాలో మాత్రం మరిచిపోలేదు. బండిని కుదుపు లేకుండా దించి, సిగ్నలుకి నాలుగడుగుల ముందు నిలబెట్టాడు. ఆట ఆయనకి నూటికి నూరు వేసింది. అపర్ణకి ఏనాడూ డెబ్బై దాటలేదు. ఆ రోజు నుంచి చరోదాలోని వాళ్ళ ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. కాకపోతే ఆటలో బండి ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఆ లాప్‌టాప్ కుక్కరులా కూసి సగంలో ఆగిపోయేది. అది చల్లారేదాకా తండ్రీ కూతుళ్ళు వాకిలి గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. కంప్యూటరు కొందామన్న మాట అక్కడ పుట్టిందే.

మరి మూడేళ్ళ మాట ఎక్కడ పుట్టింది? అది సింహాద్రి ఎవరికీ చెప్పలేదు. రైల్వేలో ప్రతి ఇంజనుకీ కోడల్ లైఫ్ అని కాగితం మీద రాసిన ఆయుష్షు ఒకటి ఉంటుంది. భార్య గౌరీదేవి చనిపోయిన ఏడాది, ఆయన తనకీ ఒకటి రాసుకున్నాడు. ఆయన తండ్రి డెబ్బై రెండేళ్ళకి పోయాడు. సింహాద్రికిప్పుడు అరవై తొమ్మిది. అప్పటి నుంచి ఏది కొన్నా ఆయన కొంచెమే కొనేవాడు. బియ్యం రెండు కిలోలు, సబ్బు ఒకటి, చెప్పులు చౌకవి. అపర్ణ దాన్ని పొదుపనుకుంది.

సునీల్ మూడేళ్ళ లెక్కన సామాను బల్ల మీద పేర్చాడు. అబద్ధమాడే కుర్రాడు కాదు. ఈ మదర్‌బోర్డు పాత రకమనీ, ఇకముందు వచ్చే ప్రాసెసర్లు దీని మీద కూర్చోవనీ, అందుకే చవకనీ విడమరిచి చెప్పాడు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెడితే ఇవాళ బొమ్మ అదిరిపోతుందట. అపర్ణ జాబితాలో ఉన్నది కొత్త రకం బోర్డు. దాని మీద నాలుగేళ్ళకో అయిదేళ్ళకో ప్రాసెసరు ఒక్కటీ మార్చుకుంటే చాలు, పెట్టె మళ్ళీ కొత్తదవుతుంది. కార్డు మాత్రం ఇప్పటికి మధ్యరకందే వస్తుంది. రెండూ తప్పు కాదు, ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుందని సునీల్ అన్నాడు. సింహాద్రి పాత బోర్డు వైపే వేలు చూపించాడు.

చివరికి పెట్టెకి కరెంటు అందించే పవర్ సప్లై దగ్గరికొచ్చారు. సునీల్ రంగురంగుల లైట్లు మెరిసే ఒక డబ్బా తీశాడు. సింహాద్రి దాన్ని చేతిలోకి తీసుకుని, బజారులో వంకాయ చూసినట్టు బరువు చూశాడు.

"తేలిగ్గా ఉందిది. లోపలేటీ లేదు," అన్నాడు. "ఎండాకాలంలో మా వైపు కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తాదో తెలుసా? యంత్రం దానంతటది చావదు బాబూ. చెడ్డ కరెంటే చంపుతాది. గట్టిది తియ్యి."

సునీల్ నవ్వి, లోపలి అర నుంచి నల్లటి బరువైన డబ్బా ఒకటి తెచ్చాడు. లైట్లు లేవు. ధర రెండింతలు. పదేళ్ళ వారంటీ. సింహాద్రి దాన్ని పట్టుకోగానే ఆయన ముఖం విప్పారింది. ఇదియ్యి అన్నాడు.

అపర్ణ ఇక ఊరుకోలేకపోయింది. "మూడేళ్ళ పెట్టెకి పదేళ్ళ సప్లై ఎందుకు నాన్నా?"

 ఆయన చేతిలోని డబ్బాని కింద పెట్టలేదు.

"ఆ మూడేళ్ళూ ఎక్కడి నుంచి వచ్చినాయి?"

"మీ తాతకి డెబ్బై రెండు," అన్నాడు సింహాద్రి, మెల్లగా.

ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు కిలోల బియ్యం, ఒంటి సబ్బు, అన్నీ వరసగా గుర్తొచ్చి ఉంటాయి. సునీల్ అటు తిరిగి, దుమ్ము లేని అరని తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడుపు ఎందుకో సింహాద్రికి తెలిసింది, మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"అమ్మ పోయిన కాడి నుంచీ ఇదే లెక్కేటి?" అంది అపర్ణ. గొంతు పెంచలేదు. "నాకు ఒక్క మాట చెప్పకుండా నువ్వే డేటు వేసేసుకున్నావు. ఎర్ర సిగ్నలు పడకుండా నువ్వెప్పుడైనా బండి ఆపినావా నాన్నా?"

సింహాద్రి తల వంచుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆ చిరాకు సునీల్ మీదికి తిప్పాడు. "పదేళ్ళ వారంటీ అంటున్నావు సరే. తొమ్మిదో ఏట ఇది పాడైతే నువ్విక్కడ ఉంటావేటి?"

సునీల్ గుడ్డ పక్కన పెట్టాడు. "సచ్ బోలూఁ అంకుల్? నిజం చెప్పాలంటే నాకు తెలీదు. ఈ దుకాణం అద్దె అగ్రిమెంటే గ్యారా మహీనా. పదకొండు నెలలు. అయిపోతే మళ్ళీ రాయించుకుంటాను. ఇప్పటికి ఆరుసార్లు రాయించాను."

"పదకొండు నెలలవాడివి పదేళ్ళ వారంటీ ఇస్తున్నావా?"

"క్యా కరేఁ అంకుల్, ఏం చేస్తాం. పదకొండు నెలల సామానే పెడితే దుకాణానికి ఎవరొస్తారు?"

సింహాద్రికి ముందు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది, అదీ కడుపులోంచి. మూడు వైపులా పైకప్పు దాకా పదేళ్ళవీ అయిదేళ్ళవీ పెట్టెలు, మధ్యలో పదకొండు నెలల కుర్రాడు. వాడికి రాత్రిళ్ళు నిద్ర పట్టనట్టేమీ లేదు. ఉదయం వచ్చి షట్టరు ఎత్తుతున్నాడు, వచ్చినవాళ్ళ వైపు ఫ్యాను తిప్పుతున్నాడు. ఇంజన్ల మాట కూడా అంతే కదా అనుకున్నాడు. కాగితం మీది ఏళ్ళు దాటిపోయినవాటిని షెడ్డులో విప్పి బాగుచేసి మళ్ళీ లైనులోకి పంపితే, వాటితో ఎన్ని బళ్ళు లాగలేదు తను! ఆ కాగితం ఇంజను చదవదు. చదివింది తనే.

అపర్ణ చేతిలోంచి జాబితా తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, పైనుంచి కిందికి చదివాడు. పాత బోర్డు పెట్టెని తనే పక్కకి జరిపాడు.

"కొత్త రకందే ఇయ్యి. కార్డు అమ్మాయి రాసిందే. ఈ ర్యామ్ మాత్రం రెండు ముక్కలు రాసింది, ధర మండిపోతుందంట కదా?"

ఇప్పుడు బాగా పెరిగిందనీ, ఒక్కటే వేస్తే కొంచెం నెమ్మదిగా నడుస్తుంది గానీ పని ఆగదనీ సునీల్ చెప్పాడు.

"అయితే ఒకటే వెయ్యి. నెమ్మదిగా ఎక్కితే ఏటి, గూడ్సుబండే కదా. రెండోది వచ్చే ఏడు దసరాకి వేద్దాం. ఏటమ్మా?"

అపర్ణ తలాడించింది. సునీల్ ఇచ్చిన నీళ్ళ సీసా ఎత్తి తాగింది.

సునీల్ సామాను సర్ది, వారంటీ కాగితం తీసి, ఎవరి నామ్ మీద రాయమంటారని అడిగాడు. సింహాద్రి కూతురి వైపు చూశాడు. ఆమె నీళ్ళ సీసా మూత బిగించుకుంటూ ఉంది, ఆయనకి సాయం రాలేదు.

"సింహాద్రి అని రాయి," అన్నాడాయన.

సునీల్ రాశాడు. ఫోన్ నంబరు అడిగి అదీ రాశాడు. రాసి, అలవాటు కొద్దీ అందరినీ అడిగేదే అడిగాడు.

"ఈ నంబరు పదేళ్ళూ ఉంటుంది కదా అంకుల్?"

"ఉంటాది," అన్నాడు సింహాద్రి. "రాసుకో."