రెండు గంటల పాట

ఆ రోజు పొద్దున నేను క్యారియర్ కడుతుంటే మా ఆయన వసంతకుమార్ చెప్పులేసుకుంటూ అన్నాడు. "మీ స్టేషన్ మూసేస్తారంట గదా. మంచిదే. ఇంటి పని చూసుకునేదానికి తీరిక దొరుకుతాది నీకు."

"మూసేయరండీ. పాటలు మారుస్తారంట, అది కూడా ఇంకా..." అనేలోపే బండి స్టార్ట్ అయింది. నా మాటలో రెండో సగం వినే అలవాటు ఈ ఇంట్లో ఎవరికీ లేదు. మా అత్త మంచం మీది నుంచే "కిర్పా, క్యారియరూ!" అని కేకేసింది. పరిగెత్తుకుంటూ గేటు దాకా పోయి అందించాను. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క క్యారియరే. నాకు స్టేషన్లో బన్నూ టీతో సరి.

మాది కర్నూలులో చిన్న ఎఫ్ఎం. నెమ్మదైన పాటలకు ప్రకటనలు రావడం లేదని పైవాళ్ళకు దిగులు పట్టుకుంది. పొద్దున లేచింది మొదలు దరువు పాటలే వేద్దామని, డప్పు, తీన్మారు, ఊపు తప్ప ఇంకేమీ వద్దని వాళ్ళ ఆలోచన. "ఈ ఊళ్ళో అది నడుస్తుందా లేదా, నాలుగు బజార్లు తిరిగి కనుక్కుని రండి మేడం. ఆడవాళ్ళు మీతో అయితే మనసు విప్పి మాట్లాడతారు" అన్నాడు మేనేజరు ప్రదీప్‌కుమార్. ఈ తిరుగుడు నా జీతంలో లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా సరేనన్నాను. నడవదని చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను గనక.

ఎందుకంటే మధ్యాహ్నం రెండింటికి నేను చేసే పాటల కార్యక్రమం నాకు కావాలి. అందులో మొదటి పాట ఎన్నేళ్ళుగానో మారలేదు. పెళ్ళయిన కొత్తలో డ్యాం గేట్లెత్తారని శ్రీశైలం చూడడానికి పోయాం. ఘాట్‌లో బస్సు వంపులు తిరుగుతుంటే డ్రైవరు ఆ పాట పెట్టాడు. మా ఆయన నా చెవి దగ్గర చిన్నగా దాన్ని పాడాడు. నా కాపురంలో నేను దాచుకున్న నగ అంటే అదే. ఆ తర్వాత మా మధ్య మాటలు ఉప్పు తగ్గిందనో, మోటారు ఆపలేదనో, అంతవరకే. కానీ ఆయన షాపులో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. రెండింటికి క్యారియర్ విప్పుతాడు. నేను వండింది తింటూ నా గొంతు వింటాడు, ఆ పాట ఎవరికోసమో ఆయనకు తెలుసు, నాకది చాలు అనుకుంటూ బతికాను. ఏ రోజూ అడగలేదు. అడగకపోవడమే మా ప్రేమ అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో.

బజార్లో నా ప్రశ్న కూడా వంకరగానే అడిగాను. "మెలోడీ పాటలు తీసేస్తే మీకు బాధగా ఉండదా?" అని. కుట్టుమిషన్ల దగ్గర అమ్మాయిలు మొహమాటానికి "ఉంటాది మేడం" అన్నారు. పూల కొట్టామె తలూపింది. నాకు కావలసిన జవాబు సగం చేతికొచ్చినట్టే అనిపించింది. ఆ రోజు కార్యక్రమం ముందే రికార్డు చేసి పెట్టాను కాబట్టి తొందరేమీ లేదు. రెండవుతుండగా పాత బస్టాండు వెనక వీధికి పోయాను. అక్కడ మా ఆయన మోటారు వైండింగు షాపుంది. నిజం చెప్పాలంటే సర్వే ఒక సాకు. నా పాట వింటున్నప్పుడు ఆయన మొహం ఒక్కసారి చూడాలనిపించింది.

షాపుకు ఎదురుగా ఈరక్క జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. మా పుట్టింటి కోసిగి వైపు మనిషే, నన్నెరుగును. పొయ్యి పక్కన ఆమెకూ ఒక చిన్న రేడియో ఉంది. రేకుల నీడలో కూచుని అడిగాను. ఈరక్క పిండి తడుతూనే నవ్వింది.

"నెమ్మది పాటలా? వద్దు మా. నిద్దరొస్తాది. పొయ్యి ముందర తూగితే చెయ్యి కాలదా? దరువుండే పాటొస్తే చూడు, చెయ్యి దానంతటదే ఆడతాది. నాలుగు రొట్టెలు ఎచ్చు అవుతాయి, నాలుగు దుడ్లొస్తాయి."

ఆమె చేతుల చప్పుడుకు నా వేళ్ళు మోకాలి మీద కదిలాయి. పెళ్ళికి ముందు మా ఊరి చర్చిలో కంజీర వాయించింది నేనే. మిరప కోతలకు పోయే లారీలో మా అమ్మా వాళ్ళూ పాడుతుంటే డబ్బా మీద దరువేసిందీ నేనే. కాపురానికొచ్చిన కొత్తలో గిన్నె మీద ఒక్కసారి వేళ్ళాడిస్తే మా అత్త "ఆడదానికి దరువేంది, గమ్మునుండు" అంది. అప్పటి నుంచి గమ్మునే ఉన్నాను.

ఇంతలో రెండయింది. ఈరక్క రేడియోలోంచి, రోడ్డవతల షాపులోంచి, ఒకేసారి నా గొంతు వచ్చింది. "నమస్కారం, నేను మీ కృపమణి." మా ఆయన క్యారియర్ మూత తీస్తున్నాడు. తలెత్తలేదు. చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. ఈగను తోలినట్టు, అంత మామూలుగా. పప్పు అన్నంలో కలుపుకున్నాడు.

ఈరక్క నా మొహం చూసింది, ఆ వైపు చూసింది. "బేజారు కావద్దు మా. మీ ఆయప్ప దినామూ అంతే. నీ పోగ్రాం అయిపోతానే మళ్ళీ పెడతాడు" అంది, నన్ను ఓదారుస్తున్నాననుకుని.

దినామూ అంతే. నా పాట ఈరక్క రేడియోలో సాగుతోంది. అంత మంచి పాట వింటూ అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు నాకు. కోపం వచ్చినా బాగుండేది. ఆయన నన్ను మోసం చేసిందేమీ లేదు, వింటున్నానని ఏనాడూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ కర్నూలంతా వినేలా నేను నా మొగుడితో మాట్లాడాను. ఊరు విన్నది. ఈరక్క వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి "తిను, మొగం పీక్కపోయింది" అంది. తిన్నాను. మధ్యాహ్నం పూట ఎవరో పెట్టిన తిండి తిని ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు.

స్టేషన్‌కు తిరిగొచ్చి ప్రదీప్‌కుమార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "నడుస్తుంది సార్. చేతులతో పని చేసేవాళ్ళు ఉన్నంతకాలం నడుస్తుంది. రెండు గంటలకు నేనే చేస్తాను."

"దానికి హుషారైన మగగొంతు ఉండాల మేడం. మీది మెలోడీ గొంతు."

నేను ఆయన టేబులు మీద కోసిగి లారీ దరువు వేశాను. పక్క గదిలోంచి ఇంజనీరు తలుపు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. ప్రదీప్‌కుమార్ కాలు టేబులు కింద ఆడుతోంది. ఆ సంగతి ఆయన తర్వాత గమనించుకున్నాడు.

కొత్త కార్యక్రమం మొదలై చాలా రోజులే అయింది. మొదటి పాట ఈరక్క చేతులకు సరిపోయేది వేస్తాను. ఆ పాత పాట మళ్ళీ వేయలేదు. వేయలేదని ఇంట్లో ఒకరైనా అడుగుతారేమోనని చాలా సాయంత్రాలు ఎదురు చూశాను. సిగ్గు లేని మనసు, అంత చూశాక కూడా.

నిన్న సాయంత్రం క్యారియర్ తోముతుంటే ఫోను చూసుకుంటూ ఆయన అడిగాడు. "నీ పోగ్రాంలో ఇంకా ఆ ఏడుపు పాటలే వేస్తాండావా?"

"లేదండీ, ఆపేసినా. మీ కోసం వేసేది కూడా ఆపేసినా."

"ఊఁ" అన్నాడు, మొదటి సగానికి.

గిన్నెలు తుడిచి బోర్లించాను. ఈ రోజు పొద్దున అన్నం, పప్పు, వంకాయ కూర సర్ది, ఇంట్లో ఉన్న ఆ ఒక్క క్యారియరూ పట్టుకుని నేను స్టేషన్‌కు బయల్దేరాను.