ఇత్తడి పక్కన ఇనుము

ఒకే నీళ్లలో, ఒకదానికొకటి బిగించి ఉన్న రెండు లోహాల్లో ఇత్తడి చెక్కుచెదరకుండా ఉంటే, ఇనుమును మాత్రమే తుప్పు ఎందుకు తినేసింది? 1986లో నేను రాతపూర్వకంగా అడిగిన ఈ ప్రశ్నకు బోరింగుల ఆఫీసు ఇంతవరకు జవాబివ్వలేదు.

కారేపల్లి అవతల, అడవి మొదలయ్యేచోట ఉన్న తండాకు ఒక్కటే బోరింగు. దాని గొట్టం లోపల విరిగింది. "ఆడవారు మొరటుగా కొట్టినందున విరిగినది. కొత్తది మంజూరు చేయనక్కరలేదు" అని ఇంజనీరు ఫైలులో రాశాడు. ఆనాటి నుంచి తండా స్త్రీలు రెండు మైళ్ల దూరం నుంచి వాగు నీళ్లు మోస్తున్నారు.

వారిలో ఒకరైన కమ్లి, ఆ విరిగిన ముక్కను నేను రసాయనశాస్త్రం చెప్పే కాలేజీకి తెచ్చింది. జింకు పూత పూసిన ఇనుప గొట్టం, దానికి ఇత్తడి జాయింటు. జాయింటు నిగనిగలాడుతోంది. దాన్ని ఆనుకున్న ఇనుము జల్లెడ అయింది.

జాయింటు బిగించిన మెకానిక్ బషీర్‌ను పిలిపించాను.

"తుప్పు పట్టదని మంచి ఇత్తడి ఏసిన అమ్మా," అన్నాడు తలవంచుకొని. "ఇంజనీరు సారే సంతకం పెట్టిండు."

మర్నాడు ముగ్గురం ఆఫీసుకు వెళ్లాం. కమ్లి ఆ విరిగిన ముక్కను ఇంజనీరు బల్ల మీద పెట్టింది. పక్కనే గ్లాసులో వాగు నీళ్లు పోసి, ఇత్తడి ముక్కను, జింకు పూత గొట్టం ముక్కను విడివిడిగా ముంచి, కరెంటును పట్టిచూపే గాల్వనోమీటరుకు తీగలు కలిపాను. ముల్లు ఒరిగింది. కరెంటు పారుతోందని చూపి, ఇంజనీరుకు చెప్పాను:

"ఎలక్ట్రాన్లను తీసుకునే మొగ్గు అన్ని లోహాలకూ ఒక్కలా ఉండదు. ఆ మొగ్గు కొలతే క్షయకరణ పొటెన్షియల్. హైడ్రోజన్‌ను సున్నా అనుకుంటే రాగిది ధన 0.34 వోల్టులు, ఇనుముది ఋణ 0.44, జింకుది ఋణ 0.76. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. రెండు లోహాలను నీళ్లలో కలిపి బిగిస్తే, తక్కువ విలువ గలది ఎలక్ట్రాన్లు వదులుకుంటూ కరిగిపోతుంది. ముందు జింకు పూత, తర్వాత ఇనుము. ఇందులో ఆడవారి చేతులకు చోటు లేదు."

"కాలేజీ పాఠం ఇక్కడెందుకు మేడమ్? ఊగి ఊగి కొట్టిండ్రు, ఇరిగింది," అన్నాడు ఇంజనీరు.

"ఇనుం ఇరగ్గొట్టే బలం మా చేతులకుంటే, నీ ఫైలు గిట్ల ఉంటుండెనా సారూ?" అంది కమ్లి. "ఎప్పుడో పొయ్యిల పెడుదుం."

గుమాస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"తప్పు నాదని రాయుండ్రి సార్, వేలి నిశానీ ఏస్త," అన్నాడు బషీర్.

ఇంజనీరు కలం ముట్టలేదు. బషీర్ తప్పు రాస్తే, దాని కింద తన సంతకం కనబడుతుంది.

"ముందు ఈ ముక్క తియ్యండి."

"తియ్య," అంది కమ్లి. "రాసింది కొట్టెయ్యి, తీస్త."

ఆ ముక్కను ఆఫీసువాళ్లు బయట పారేశారు. కమ్లి ఏరి తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టింది. ఇప్పటికి తొమ్మిదిసార్లు.

మీ ఊరి బోరింగు గొట్టం పైకి లాగిన రోజు దగ్గరుండి చూడండి. మెరిసే ఇత్తడి పక్కన ఇనుము జల్లెడై ఉంటే, ఆ ముక్కను మీ ఆఫీసు బల్ల మీద పెట్టండి. జవాబు రాసి ఇచ్చేదాకా తీయకండి.