భూలక్ష్మి ఊపిరి

జొన్నరొట్టె కొడుతూ కొడుతూ భూలక్ష్మి ఆగిపోయింది. ఊపిరి అందలేదు. గట్టు పట్టుకుని నిలబడితే, వంటింటి కిటికీ అవతల ఆఫీసు భవనాల అద్దాలు నీళ్లలో నీడల్లా కదిలాయి. హాల్లోంచి భర్త వెంకటనారాయణ కేకేశాడు, "ఏందే, ఇంకా అయితలేదా?" ఆయాసమని చెప్పినప్పుడల్లా ఆయనది ఒకటే మాట, "ముసలితనంల గిట్లనే ఉంటది." విని విని, అలసిపోవడమే తన వయసని ఆమె కూడా నమ్మేసింది. ఆ పూట మాత్రం రొట్టె పెనం మీద మాడుతుండగానే ఆమె నేలకు జారిపోయింది.

దవాఖానలో డాక్టర్ నీహారిక విడమరచి చెప్పింది. గుండెలో ఒక కవాటం గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదు. గుండెకు రక్తం తెచ్చే నాళంలోనూ అడ్డుంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఒళ్లు, కిడ్నీలు కూడా బలహీనం, ఛాతీ కోస్తే తట్టుకోలేదు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఒకే విడతలో స్టెంటు వేసి, కొత్త కవాటం కూడా అమర్చవచ్చు.

"ప్రమాదం లేదని అననండి. చేయకపోతే మాత్రం ఎక్కువ కాలం బతకడం కష్టం."

"ఈ వయసుల ఎందుకు మేడం? మందులియ్యండి, చాలు," అన్నాడు వెంకటనారాయణ. కొడుకు శివశంకర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే అవునన్నాడు.

నీహారిక మంచం వైపు తిరిగింది. "మీరేమంటారండీ?"

ఇంకెవరినో అడుగుతోందనుకుని భూలక్ష్మి పక్కకు చూసింది. ఇన్నేళ్లలో ఏం వండాలో చెప్పినవాళ్లే గాని, ఏం కావాలని అడిగినవాళ్లు లేరు.

"నాకు బతకాలని ఉంది బిడ్డా. చెయ్యి."

పల్చగా మత్తిచ్చారు. నిద్రా కాదు, మెలకువా కాదు. ఎక్కడో దూరంగా మాటలు, చక్రాల చప్పుడు. ఆ తర్వాత చిన్ననాటి ఖాజాగూడ బండల మీద లంగా ఎత్తిపట్టుకుని ఒక పిల్ల పరుగెత్తింది. అరికాళ్ల కింద రాయి వెచ్చగా ఉంది, దిగువన చెరువు మెరుస్తోంది. ఇంట్లోకి రమ్మని ఎవరూ పిలవడం లేదు, పొయ్యి అంటించమని ఎవరూ గుర్తుచేయడం లేదు. ఎంత పరుగెత్తినా పిల్లకు ఆయాసం రాలేదు. ఈ పిల్ల ఇన్నాళ్లూ యాడ ఉండె, అనుకుంది భూలక్ష్మి ఆశ్చర్యంగా.

కళ్లు తెరిచేసరికి గాలి ఛాతీ అడుగుదాకా దిగింది. స్టెంటు, కవాటం రెండూ సరిగా కుదిరాయని నీహారిక చెప్పింది. గోపన్‌పల్లిలో ఒంటరిగా ఉండే చెల్లెలు సక్కుబాయి వచ్చి పక్కన కూర్చుని ఉంది.

ఇంటికి పంపే రోజు వెంకటనారాయణ సంచి అందుకున్నాడు. "ఇగ నడువు. బయటి తిండితోని కడుపు ఖరాబైంది."

"నేను ఇంటికి రాను. సక్కుబాయి తాన ఉంట."

ఆయన సంచి మళ్లీ మంచం మీద పెట్టాడు. "ఎన్ని దినాలు?"

చెల్లెలి భుజం ఆసరాతో భూలక్ష్మి లేచి నిలబడింది.

"నాకు బుద్ధి పుట్టినన్ని దినాలు."