సున్నా నాలుగు రెండు ఒకటి

పదిన్నరకు ఆపరేషన్. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు. అందుకు కావాల్సిన రక్తం బ్యాగు బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్‌లో కళ్లెదుటే ఉంది. కంప్యూటర్ మాత్రం లేదంటోంది.

"C4172. మళ్లీ కొట్టు బావా," అంది మరదలు.

బావ అక్కడ రికార్డు గుమాస్తా. కొట్టాడు. ఆ నంబరు లేదని నాలుగోసారి వచ్చింది.

ఎదురు వీధిలో ఆమెకు ప్రెస్సుంది. మొగుడితో కంటే అక్షరాలతోనే ఎక్కువ కాపురం చేసిన మనిషి. అందుకే బావ ఫోను చేయగానే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చేసింది.

డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడింది. "కంప్యూటర్లో లేని బ్యాగు గది దాటదు. ఏ పరీక్షలు జరిగాయో తెలియని రక్తం ఎలా ఎక్కించమంటారు?"

అరుదైన గ్రూపు. ఇంకో బ్యాగు కావాలంటే పక్క ఊరి నుంచి రావాలి, మూడు గంటలు. ఆపరేషన్ బల్ల మీదున్న బస్సు డ్రైవరు అంతసేపు ఆగే స్థితిలో లేడు.

"నిన్న నా చేత్తోనే ఎంటర్ చేశాను, ఒట్టు," అన్నాడు బావ.

"నీ చేతి మీదే నా అనుమానం. నిన్నెలా చేశావో అలాగే చేసి చూపించు."

అది రష్యన్ మాట్లాడే దేశం. రక్తదాతల పేర్లు రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో కొడతారు. బ్యాగు నంబర్లు ఇంగ్లిష్‌లో. మధ్యలో రెండు మీటలు నొక్కి లిపి మార్చుకోవాలి. బావ వేళ్లు పేరు కొట్టి ఆగాయి.

"ఇక్కడ మీ అక్క ఫోను చేసింది. మాట్లాడి వచ్చి నంబరు కొట్టాను."

"లిపి మార్చావా?"

"మార్చకపోతే తెలియదూ? పిచ్చి అక్షరాలొస్తాయిగా."

"వేరే అక్షరమైతే వచ్చేవి. C మీట నొక్కితే సిరిలిక్‌లోనూ అదే ఆకారం వస్తుంది. అంకెలా, ఎందులోనైనా అవే. లే, కుర్చీ ఇయ్యి."

లిపి మార్చి అదే మీట నొక్కి, నాలుగంకెలూ కొట్టింది. రికార్డు తెరుచుకుంది.

"రెండూ ఒకేలా ఉన్నాయిగా," అంది డాక్టరమ్మ, కదలకుండా. "కళ్లతో చూసి సంతకం పెట్టలేను."

"కళ్లతో వద్దు మేడమ్." రికార్డులోని అక్షరాన్ని కాపీ చేసి, టైపింగ్ పేజీలో పెట్టి, ఆల్ట్ పట్టుకుని X నొక్కింది. అక్షరం పోయి దాని కోడ్ వచ్చింది: 0421. కింద ఇంగ్లిష్ C కొట్టి అలాగే నొక్కింది: 0043. "కంటికి కవలలు. కంప్యూటర్‌కి ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు."

డాక్టరమ్మ బ్యాగు తీసి, చీటీ మీదున్న గ్రూపు, తేదీ, రక్తం తీసిన సమయం రికార్డుతో పోల్చింది. మూడు నలభై. మూడు నలభై. పరీక్షల ఫలితాలన్నీ చదివింది. అప్పుడు సంతకం పెట్టింది. పది ఇరవై రెండుకి బ్యాగు గది దాటింది.

బావ నుదురు తుడుచుకున్నాడు. మరదలు లేవలేదు. బ్యాగు నంబరు వెతికే గడిలో ఆ సిరిలిక్ అక్షరం ఒక్కటే కొట్టింది. ఏడు వరుసలు వచ్చాయి, ఆరు నెలలవి.

"మా అక్క నీకు ఫోన్లు బాగానే చేస్తోంది బావా."

ఏడింటినీ డాక్టరమ్మ ముందు పెట్టి సరిచేయించాలని అతను కాగితం తీసుకుని, నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఫోను మోగింది. అక్కే.

బావ ముందు ఆ రెండు మీటలూ నొక్కి, తెర మూలన ఇంగ్లిష్ అని చూసుకుని, అప్పుడు ఫోనెత్తాడు.