ఉగాదికల్లా

"ఉగాదికల్లా వంగి బరువులెత్తగలదా డాక్టరుగారూ?"

ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్న గుంటూరు డాక్టరును మా ఆయన అడిగిన మాట అది. నొప్పి ఎందుకొచ్చిందని అడగలేదు. ఉగాదికల్లా అన్నాడు. అప్పటికింకా మాఘమాసం. డాక్టరు నవ్వి, రోజూ నడవమనండి, చెప్పిన వ్యాయామాలు చేయమనండి, బరువుల జోలికి మాత్రం పోనీయకండి అన్నాడు. బస్సు నరసరావుపేట చేరేదాకా నేను ఆ ఉగాది దగ్గరే ఆగిపోయాను.

ఆరేళ్ళ నొప్పి నాది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న తొమ్మిదో రోజున నీళ్ళ బిందె ఎత్తమన్నది అత్తయ్య. "మేం చేసుకోలా? గాజు బొమ్మవా ఏంది?" అన్నది. ఎత్తాను. నడుములో ఏదో కలుక్కుమన్నది. మా ఆయన శ్రీమన్నారాయణ "నడుం నొప్పి లేని ఆడది ఈ పేటలో ఎవరుందో చూపించు" అని కొట్టుకు వెళ్ళిపోయేవాడు. తర్వాత అత్తయ్య నడికుడిలో బావగారింటికి వెళ్ళింది, ఇక అక్కడే ఉంటానని. నొప్పి మాత్రం నాతోనే ఉండిపోయింది. మా పాప ఉష వాకిట్లో తొక్కుడుబిళ్ళ గీసి "అమ్మా, ఒక్కాట" అంటే, గడప మీద కూర్చుని "నువ్వాడు తల్లీ, నేను చూస్తా" అనేదాన్ని.

అలాంటి మనిషి ఇప్పుడు వేడినీళ్ళ సంచి కొనుక్కొచ్చాడు. పొద్దున ఐదున్నరకు తనే లేపి స్టేషన్ దాకా నడకకు పంపుతున్నాడు. తిరిగొచ్చేసరికి పాలు కాచి ఉంచుతున్నాడు. "నొప్పుల్లేకుండా ఉంటేనే గదా విశాలా, పిల్లతో, నాతో హాయిగా ఉండేది" అంటున్నాడు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో, వినగానే అంత భయం వేసింది. చొక్కా నానబెట్టేముందు జేబులు వెతికాను. ఇంకొకతె ఎవరైనా ఉందా? నాదెండ్లలో మా నాన్న నా పేర రాసిన స్థలం మీద సంతకం కావాలా? జేబులో వక్కపొడి పొట్లం తప్ప ఏమీ లేదు. మొగుడు మంచిగా ఉంటే ఓర్చుకోలేని ఆడదాన్నయ్యానా అని నా మీద నాకే రోత పుట్టింది. పుట్టినా, మర్నాడు మళ్ళీ వెతికాను.

నొప్పి నిజంగానే తగ్గింది. ఫాల్గుణంలో ఒక సాయంత్రం చీర కుచ్చెళ్ళు దోపి, ఒంటికాలిమీద ఎనిమిది గళ్ళూ గెంతాను. ఉష చప్పట్లు కొట్టి ఎగిరింది. "మా అమ్మ గెలిచింది!" అని వీధంతా చాటింది.

మర్నాడే తోటికోడలు సీతారావమ్మక్క నడికుడి నుంచి వచ్చింది. రిక్షా దిగుతూనే నడుం పట్టుకుంది.

"నీకూనా అక్కా?"

"రోజుకి నాలుగుసార్లు అత్తయ్యను మంచం మీంచి ఎత్తి దించితే ఉంటదా నడుం? కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి చానా బరువే. ఉగాది నుంచి మీ వంతు గదా, నాకింక ఊపిరాడుద్ది. నీకు వైద్యం చేయిస్తున్నానని మరిది చెప్పాడులే."

సంక్రాంతి వెళ్ళాక మా ఆయన ఒకసారి నడికుడి వెళ్ళొచ్చాడు. "అమ్మకు కాస్త నలతగా ఉంది, అంతే" అన్నాడు. అక్క చేతికి మంచినీళ్ళిచ్చాను. ఇన్నాళ్ళూ జేబుల్లో వెతికింది దొరికినందుకేమో, తేలికగా కూడా అనిపించింది.

అక్క వెళ్ళాక ఆయన కొట్టు నుంచి వచ్చి, పీట మీద కూర్చుని, నా వైపు చూడకుండా అడిగాడు. "నడుం పూర్తిగా తగ్గినట్టేనా?"

నొప్పి ఉందని అబద్ధం చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తగ్గింది. అందుకే చెబుతున్నా. అత్తయ్యకు అన్నం తినిపిస్తా, తల దువ్వుతా, ఒళ్ళు తుడుస్తా. ఎత్తేది మాత్రం మీరే."

"నేనా? నాకు చేతనవుద్దా?"

"నేర్పుతా. డాక్టరు నాకు చూపించాడుగా. వంచాల్సింది మోకాళ్ళు, నడుం కాదు. పొద్దున నేను నడకకు పోయే వేళకే ఆవిణ్ణి లేపాలి, గుర్తుంచుకోండి."

"మరి కొట్టు? నాకు నడుం పట్టేస్తే?"

వాకిట్లో ఉష ముగ్గుపిండితో గళ్ళు గీస్తోంది. కుచ్చెళ్ళు పైకి దోపుకున్నాను.

"వేడినీళ్ళ సంచి ఇంట్లోనే ఉందిగా."